ఇవన్నీ కలిపి ఒక్క పీడీఎఫ్: నెట్‌కి ఎక్కించకుండా చేసుకునే పద్ధతి

తెనాలిలో మాది జెరాక్స్ షాపే అయినా కౌంటరు దగ్గర ఇప్పుడు ఎక్కువగా వినపడే మాట వేరే. "అక్కా, ఇవన్నీ కలిపి ఒక్క పీడీఎఫ్ చేసివ్వు." అడ్మిషన్ల రోజుల్లో టెన్త్ మెమో, ఇంటర్ మార్కుల లిస్టు, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్. ఇంటి లోనుకైతే దస్తావేజు, దాని వెనకాల లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రసీదు, పాన్, ఐటీ రిటర్నులు. అమెరికా వెళ్లే పిల్లలైతే బ్యాంకు స్టేట్‌మెంట్లు, సీఏ ఇచ్చిన నెట్‌వర్త్ కాగితం, లోను శాంక్షన్ లెటరు, అక్కడి కాలేజీ ఇచ్చే ఐ-20 ఫారం.

విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ పెద్ద రహస్యం కాదు. ఆధార్ జెరాక్సు సిమ్ కార్డు కొన్నచోట కూడా ఇచ్చే ఉంటారు. అన్నీ వరసలో పెట్టి ఒకే ఫైలు చేశాక మాత్రం సంగతి మారుతుంది. ఆ ఫైలు దొరికినవాడు మీ పేరు, తండ్రి పేరు, పుట్టినరోజు, ఫొటో, సంతకం, ఇంటి హద్దులు, బ్యాంకు నిల్వ ఇంకెక్కడా వెతుక్కోనక్కర్లేదు. మీ పేరు మీద ఇంకెవడో లోను తీసుకోవాలన్నా సరిగ్గా ఆ సెట్టే కావాలి. అందుకే ఏ టూల్ వాడాలి అని ఎవరడిగినా నేను ముందు తేల్చుకోమనేది ఒక్కటే. ఫైళ్లు కలిసేది మీ కంప్యూటర్లోనా, ఎవరిదో కంప్యూటర్లోనా?

గూగుల్‌లో కొడితే వచ్చేవి

"మెర్జ్ పీడీఎఫ్" అని వెతికితే పైన కనపడే సైట్లలో చాలా వాటిది ఒకటే పద్ధతి. మీ ఫైళ్లు వాళ్ల సర్వరుకు వెళ్తాయి, అక్కడ కలుస్తాయి, కలిసినదాన్ని మీరు దించుకుంటారు. పేరున్న సంస్థలు ఈ సంగతి దాచిపెట్టవు. బార్సిలోనాలో ఉన్న ఐలవ్‌పీడీఎఫ్ రెండు గంటల్లోపు, స్విట్జర్లాండ్‌లో ఉన్న స్మాల్‌పీడీఎఫ్ గంట తర్వాత ఫైళ్లు తుడిచేస్తామని తమ సైట్లలోనే రాసుకున్నాయి. ఆ మాట నిలబెట్టుకుంటారనే అనుకుందాం. అయినా అది నమ్మాల్సిందే తప్ప మనం వెళ్లి చూసి రాగలిగింది కాదు. కాలేజీ ప్రాజెక్టు రిపోర్టో, పెళ్లి శుభలేఖ డిజైనో అయితే నేనూ రెండోసారి ఆలోచించను, వాటిలోనే కలిపేస్తాను. దస్తావేజు మాత్రం వెయ్యను.

అసలు జాగ్రత్త పడాల్సింది ఊరూ పేరూ లేని సైట్ల దగ్గర. 2025 మార్చిలో అమెరికాలో ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీసు సరిగ్గా వీటి మీదే హెచ్చరిక ఇచ్చింది. ఉచితంగా ఫైళ్లు మార్చిపెడతాం, ఫొటోలన్నీ కలిపి ఒక పీడీఎఫ్ చేస్తాం అనే కొన్ని సైట్లు, టూళ్లు చెప్పిన పని చేసిపెడుతూనే, తిరిగిచ్చే ఫైలుతో పాటు కంప్యూటర్లోకి మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తున్నాయని, అప్‌లోడ్ చేసిన కాగితాల్లోంచి గుర్తింపు నంబర్లు, బ్యాంకు వివరాలు, పాస్‌వర్డులు ఏరుకుంటున్నాయని చెప్పింది. చెప్పిన పని చేసిపెట్టడమే ఇందులో ఉన్న చిక్కు. పని అయిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

గూగుల్ ఫలితాల్లో "స్పాన్సర్డ్" అని ఉన్న లింకులు నేనైతే ముట్టుకోను, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ దించుకునేటప్పుడు. అసలు పేరుకి దగ్గరగా ఉండే పేరుతో వేరే సైటు డబ్బు కట్టి పైన కూర్చోవడం మామూలే.

మూడో రకం సైట్లు కూడా ఉన్నాయి. చూడటానికి మిగతావాటి లాగే ఉంటాయి గానీ కలిపే పని మీ బ్రౌజర్లోనే జరుగుతుంది, ఫైలు బయటికి పోదు. బెంటోపీడీఎఫ్ ఈ రకమే, దాని కోడ్ కూడా ఎవరైనా చదువుకునేలా బయటే ఉంది. ఇలాంటివి మంచివే. అయితే "మీ ఫైళ్లు మీ దగ్గరే ఉంటాయి" అని ఎవరైనా రాసుకోవచ్చు కాబట్టి, రాసింది చదవడం కంటే పరీక్ష పెట్టడం మేలు.

పరీక్ష ఇలా. అక్కర్లేని ఫైళ్లు రెండు తీసుకోండి, కరెంటు బిల్లు లాంటివి కూడా వద్దు, ఖాళీ పేజీలైనా చాలు. సైటు తెరిచి నెట్ ఉండగా ఒకసారి కలపండి. కొన్ని సైట్లు కావాల్సిన సరంజామాను బటన్ నొక్కినప్పుడే దించుకుంటాయి, అందుకని మొదటిసారి నెట్ ఉండనివ్వాలి. ఇప్పుడు పేజీ మూసెయ్యకుండా వైఫై ఆపేయండి, కేబుల్ ఉంటే పీకేయండి. మళ్లీ కలపండి. కలిసి, ఫైలు సేవ్ అయితే ఆ పని మీ మెషీన్లోనే జరుగుతున్నట్టు. చక్రం తిరుగుతూ ఉండిపోతే ఫైలు సర్వరుకు వెళ్లాలని చూస్తున్నట్టు. కంప్యూటర్ కాస్త తెలిసినవాళ్లయితే ఎఫ్12 నొక్కి "నెట్‌వర్క్" ట్యాబ్ తెరిచి, నెట్ ఉండగానే కలిపి చూడొచ్చు. ఐదు ఎంబీ ఫైలు ఇస్తే ఐదు ఎంబీ బయటికి పోతున్నట్టు కనపడుతుందా లేదా అన్నదే చూడాల్సింది.

పరీక్షలో నెగ్గిన సైటైనా సరే, అసలు కాగితాలు పెట్టేటప్పుడు ప్రైవేటు విండోలో తెరిచి, ముందు ఖాళీ పేజీలతో ఒకసారి కలిపి, తర్వాత నెట్ ఆపి, అసలువి కలిపి, ఆ విండో మూసేశాకే మళ్లీ నెట్ పెట్టండి. ఇంకో సంగతి, సైటు అన్నది తెరిచిన ప్రతిసారీ కొత్తగా వస్తుంది. ఇవాళ బ్రౌజర్లో కలిపినది రేపు సర్వరుకు మారినా మనకు చెప్పేవాళ్లుండరు. ఇన్‌స్టాల్ చేసుకున్న సాఫ్ట్‌వేర్‌తో ఆ బెంగ తక్కువ. అందుకే నెలకోసారైనా ఈ పని పడేవాళ్లు సైట్లు వదిలేసి కింది రెండింటిలో ఒకటి పెట్టుకోవడం నయం.

నా కంప్యూటర్లో ఉన్న రెండు

ముందు, లేనిదాని గురించి. అడోబీ ఉచిత రీడర్ అందరి దగ్గరా ఉంటుంది, అందులో ఫైళ్లు కలపడం గురించిన బటనూ కనపడుతుంది. నొక్కితే చందా కట్టమంటుంది. కలపడం డబ్బు కట్టే అక్రోబాట్‌లోనే. క్రోమ్, ఎడ్జ్ పీడీఎఫ్ చూపిస్తాయి తప్ప కలపవు. అలాగని అడోబీకి కట్టకపోతే పని జరగదనీ కాదు. పీడీఎఫ్‌ను 1993లో తెచ్చింది అడోబీయే అయినా 2008లో అది ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం అయిపోయింది. ఎవరైనా దానికి టూల్ రాయొచ్చు, చాలామంది రాశారు కూడా.

నేను ఎంచుకునేటప్పుడు ఓపెన్ సోర్స్‌వే, అంటే కోడ్ అందరికీ కనపడేలా బయటపెట్టినవే చూస్తాను. ఆ కోడ్ నేను చదవను, చదివినా అర్థం కాదు. కానీ చదవగలిగినవాళ్లకి తలుపు తెరిచే ఉంటుంది, చాటుగా ఫైళ్లు పంపే పని చేస్తే ఎప్పటికో ఒకప్పటికి ఎవరో ఒకరు పట్టుకుంటారు. పైగా వాటర్‌మార్కు వెయ్యడం, మూడో ఫైలు దగ్గర ఆపి డబ్బులడగడం, ఈమెయిల్ ఇస్తేనే డౌన్‌లోడ్ అనడం లాంటి చిల్లర వేషాలు వీటిలో ఉండవు.

మొదటిది పీడీఎఫ్‌శామ్ బేసిక్. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. వాళ్ల సొంత సైటు పీడీఎఫ్‌శామ్ డాట్ ఆర్గ్ నుంచే దించుకోండి. "బేసిక్" అన్న మాట చూసుకుని దించండి, ఎందుకంటే అదే సంస్థ డబ్బుకు అమ్మేవి కూడా పక్కనే ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ పెద్ద వెర్షన్ కూడా ఎక్కించమంటారా అన్న టిక్ కనపడితే తీసేయండి. ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేని ఆఫీసు కంప్యూటర్ అయితే పోర్టబుల్ జిప్ ఉంది, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని నడపొచ్చు.

తెరవగానే డబ్బాలు డబ్బాలుగా పనులు కనపడతాయి. "మెర్జ్" నొక్కండి. ఫైళ్లను అందులోకి లాగి పడెయ్యండి. వరస పైకీ కిందికీ జరుపుకోవచ్చు. ఫైళ్ల పేర్లు ముందే 01, 02, 03 అని మొదలయ్యేలా పెట్టుకుంటే ఇంకా సుఖం. 1, 2, 10 అని పెడితే కొన్ని చోట్ల 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది. ప్రతి ఫైలు ఎదురుగా పేజీలు రాసే గడి ఒకటి ఉంటుంది. ముప్ఫై పేజీల బ్యాంకు స్టేట్‌మెంట్లో మొదటి రెండు పేజీలే కావాలంటే అందులో 1-2 అని రాస్తే చాలు. దీన్ని చాలామంది గమనించరు గానీ గోప్యత సంగతిలో టూల్ కంటే ఈ గడే ఎక్కువ మేలు చేస్తుంది. అవతలివాళ్లు అడగని పేజీ అసలు ఫైల్లోకి రాకపోతే దాని గురించి బెంగే లేదు.

కింద సెట్టింగుల్లో రెండు నాకు బాగా పనికొస్తాయి. ఒకటి, ఫైల్లో పేజీలు బేసి సంఖ్యలో ఉంటే చివర ఒక తెల్ల పేజీ చేర్చేది. రెండువైపులా ప్రింటు తీసేటప్పుడు టెన్త్ మెమో వెనకాల ఇంటర్ మెమో అచ్చవకుండా ఇది కాపాడుతుంది. రెండోది, ప్రతి ఫైలు పేరుతో ఒక బుక్‌మార్కు పెట్టేది. వంద పేజీల లింకు డాక్యుమెంట్ల సెట్టు బ్యాంకు లాయరుకి పంపినప్పుడు, ఆయన పక్కన పేర్లు చూసి నేరుగా ఈసీ దగ్గరికి వెళ్లొచ్చు. కలిపే ఫైళ్లలో నింపే ఫారాలు ఉంటే "ఫ్లాటెన్" ఎంచుకోండి, గడుల్లో నింపింది పేజీ మీద అచ్చులా అతుక్కుపోతుంది. లేకపోతే ఒకే పేరున్న గడులు రెండు ఫారాల్లో ఉన్నప్పుడు ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోకీ పాకే ప్రమాదం ఉంది. ఫ్లాటెన్ చేశాక ఇక దిద్దడం కుదరదని మాత్రం గుర్తుంచుకోండి. చివరికి సేవ్ చేసే చోటు, పేరు చూపించి "రన్".

అందులోనే "ఆల్టర్నేట్ మిక్స్" అని ఇంకో డబ్బా ఉంది. స్కానరు మీద కాగితాల కట్ట పెట్టి నడిపే షాపులకి ఇది వరం. ఒకవైపే చదివే ఫీడరులో పాత దస్తావేజు వేస్తే ముందు 1, 3, 5 పేజీలు వస్తాయి. కట్ట తిప్పి వేస్తే 6, 4, 2 అని తిరగబడి వస్తాయి. ఈ రెండు ఫైళ్లూ ఆల్టర్నేట్ మిక్స్‌లో పెట్టి, రెండోదానికి "రివర్స్" టిక్ చేస్తే 1, 2, 3, 4 అని సరైన వరసలో అల్లేస్తుంది. చేత్తో పేజీలు జరుపుతూ కూర్చుంటే సగం పూట పట్టే పని.

పీడీఎఫ్‌శామ్‌లో ఒక లోటు, పేజీలు కంటికి కనపడవు. ఫైళ్ల పేర్లతోనే పని నడపాలి. తలకిందులుగా స్కాన్ అయిన పేజీ కలిపాక గానీ తెలియదు. అక్కడ రెండో టూల్ కావాలి, పీడీఎఫ్ అరేంజర్. ఇది విండోస్, లైనక్స్‌లలో నడుస్తుంది, దీనికీ పోర్టబుల్ వెర్షన్ ఉంది. తెరిచి ఫైళ్లన్నీ అందులో పడేస్తే ప్రతి పేజీ చిన్న బొమ్మలా పరుచుకుంటుంది. పట్టుకుని లాగి వరస మార్చడం, తలకిందులైనదాన్ని తిప్పడం, అక్కర్లేని పేజీని డిలీట్ కొట్టడం, స్కాన్ అంచున వచ్చిన నల్లటి చారను కత్తిరించడం అన్నీ అక్కడే. ఫోనుతో తీసిన జేపీజీ ఫొటోలు కూడా నేరుగా పేజీలుగా చేరతాయి. సేవ్ చేసేటప్పుడు కొత్త పేరివ్వండి, అసలు ఫైళ్లు అలాగే ఉంటాయి.

రెండింట్లో ఒకటే పెట్టుకుంటానంటే ఇంట్లో వాడుకునేవాళ్లకి పీడీఎఫ్ అరేంజరే చెప్తాను. పదీ పదిహేను పేజీల సెట్టుకి కంటితో చూసుకోవడాన్ని మించింది లేదు. పెద్ద కట్టలు, రెండువైపుల స్కానింగు, బుక్‌మార్కులు అంటే పీడీఎఫ్‌శామ్.

మ్యాక్ ఉన్నవాళ్లు ఏదీ ఎక్కించనక్కర్లేదు. ఫైండర్‌లో ఫైళ్లన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి, క్విక్ యాక్షన్స్‌లో "క్రియేట్ పీడీఎఫ్" అంటే అయిపోతుంది. ప్రివ్యూలో థంబ్‌నెయిల్స్ తెరిచి ఒక ఫైలు పేజీల్ని ఇంకోదాంట్లోకి లాగొచ్చు కూడా, కాకపోతే ప్రివ్యూ అడక్కుండానే అసలు ఫైల్లో సేవ్ చేసేస్తుంది కాబట్టి ముందు డూప్లికేట్ తీసి దాని మీద పని చెయ్యండి. లైనక్స్‌వాళ్లకి పీడీఎఫ్‌యునైట్, క్యూపీడీఎఫ్ అనే కమాండ్లున్నాయి, వాళ్లకి నేను చెప్పేదేముంది. ఇక సీఏ, లాయరు ఆఫీసుల్లాంటి చోట్ల, నలుగురైదుగురు రోజూ ఇదే పని చేస్తుంటే, స్టిర్లింగ్ పీడీఎఫ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఆఫీసులోని ఒక కంప్యూటర్లో పెట్టిస్తే మిగతావాళ్లు బ్రౌజర్ నుంచే వాడుకుంటారు. సైటు లాగే ఉంటుంది, ఫైలు మాత్రం ఆఫీసు గడప దాటదు. పెట్టడానికి, ఇలాంటివి నడిపే డాకర్ అనే సాఫ్ట్‌వేర్ తెలిసిన కుర్రాడు ఒకడు కావాలి.

తెలుగు కాగితాలకి ఒక హెచ్చరిక

లిబ్రెఆఫీస్ డ్రాలో పీడీఎఫ్ తెరిచి, పేజీలు చేర్చి, మళ్లీ పీడీఎఫ్‌గా ఎగుమతి చెయ్యమని కొందరు సలహా ఇస్తారు. అది నెట్ లేకుండా జరిగే పనే, ఉచితమే. కానీ డ్రా పేజీని ఉన్నదున్నట్టు ఉంచదు, విప్పి తనకు తెలిసిన ఫాంట్లతో మళ్లీ పేరుస్తుంది. తెలుగు అక్షరాలకు అక్కడే గండం. వత్తులు పక్కకి పోతాయి, గుణింతాలు విడిపోతాయి, డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లతో చేసిన పాత కాగితమైతే ఇంగ్లీషు గుర్తులు, పిచ్చి గీతలుగా మారిపోవచ్చు. కుల ధ్రువీకరణలో ఇంటిపేరు అలా వస్తే మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగాలి. పీడీఎఫ్‌శామ్, అరేంజర్, క్యూపీడీఎఫ్ పేజీ లోపలి జోలికి పోవు, పేజీని పేజీగా ఎత్తి పక్కన పెడతాయి. అందుకని తెలుగు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది.

డిజిటల్ సంతకం ఉన్న ఫైళ్ల సంగతి వేరు. ఈ-ఆధార్ అయినా, ఆన్‌లైన్‌లో తీసిన ఇతర సర్టిఫికెట్లయినా, ఆ సంతకం ఆ ఫైలుకి ఉన్నదున్నట్టుగా చేసింది. ఏ టూల్‌తో కలిపినా, ఎంత మంచి టూల్ అయినా, కలిపిన కొత్త ఫైల్లో ఆ సంతకం చెల్లదు. పేజీ మీద సంతకం బొమ్మ కనపడుతూనే ఉంటుంది, రీడర్లో సరిచూస్తే మాత్రం పచ్చ టిక్ రాదు. అవతలివాళ్లు సంతకం సరిచూస్తారనుకుంటే ఆ ఒక్క ఫైలూ విడిగా పంపండి. క్యూఆర్ కోడో, అప్లికేషన్ నంబరో చూసి సరిపోల్చుకునే చోటైతే కలిపినా ఇబ్బంది ఉండదు.

ఈ-ఆధార్‌కి పాస్‌వర్డు ఉంటుంది, పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. అరేంజర్లో పెడితే అది అడిగి తెరుస్తుంది. ఆన్‌లైన్ సైట్లో పెడితే అదీ అడుగుతుంది. అప్పుడు ఫైలుతో పాటు పాస్‌వర్డు కూడా వాళ్లకిచ్చేశామన్నమాట, బీరువా ఇచ్చి తాళంచెవి దాని మీదే పెట్టినట్టు. ఇంకోటి, కలిపాక తయారైన ఫైలుకి ఆ పాస్‌వర్డు ఉండదు. ఎవరు తెరిచినా తెరుచుకుంటుంది. వీలున్నచోటల్లా మాస్క్‌డ్ ఆధార్ దించుకుని కలపండి. అందులో మొదటి ఎనిమిది అంకెలు కనపడవు, చివరి నాలుగే ఉంటాయి. మామూలు ఆధార్ దించుకుని నంబరు మీద నల్లడబ్బా గీయడం దానికి సాటి రాదు, ఆ డబ్బా కింద అంకెలు అలాగే ఉంటాయి, కాపీ చేసి ఎక్కడైనా పేస్ట్ చేస్తే బయటపడతాయి.

సైజు గొడవ

ఒక ఎంబీ మించొద్దు, 500 కేబీ మించొద్దు అని పోర్టళ్లు అడుగుతాయి, అప్పుడందరూ "కంప్రెస్" సైట్ల మీద పడతారు. కలపడానికి పడిన జాగ్రత్తంతా అక్కడ మట్టిపాలు. కలపడం వల్ల సైజు తగ్గదు, అన్ని ఫైళ్ల సైజులూ కలిసి ఎంతో దాదాపు అంతే వస్తుంది. తగ్గించాలంటే స్కానింగు దగ్గరే తగ్గించాలి. ఏ4 కాగితం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) సుమారు 2480 అడ్డం, 3508 నిలువు చుక్కలవుతుంది. 150 డీపీఐలో చుక్కలు అందులో నాలుగో వంతు. అక్షరాలున్న కాగితానికి 150, గ్రేస్కేల్ (రంగుల్లేని బూడిద ఛాయలు) చాలు, మెమో మీద అంకెలు శుభ్రంగా కనపడతాయి. సీలు రంగు కనపడాలని అడిగితేనే కలర్. పాత దస్తావేజుల చేతిరాత, వెలిసిపోయిన సిరా అయితే 200 కంటే దిగొద్దు. కాగితం చేతిలో లేక ఫైలే ఉంటే, పూర్తిగా స్కాన్ బొమ్మలే ఉన్న ఫైలుకి లిబ్రెఆఫీస్ డ్రా పనికొస్తుంది. ఎగుమతి చేసేటప్పుడు జేపీజీ నాణ్యత, రిజల్యూషన్ తగ్గించే చోటు ఉంది. బొమ్మలకి ఫాంట్ల గొడవ లేదు కాబట్టి ఇందాక చెప్పిన గండం ఇక్కడ రాదు.

ఫోనులో

ఐఫోనులో ఫైల్స్ యాప్ ఉంది. ఫైళ్లు ఎంచుకుని, మూడు చుక్కల దగ్గర "క్రియేట్ పీడీఎఫ్". వరస ఒకసారి చూసుకోండి, అంతే.

ఆండ్రాయిడ్‌లో నాకు అంత ధీమాగా చెప్పడానికి లేదు. ప్లే స్టోర్లో పీడీఎఫ్ యాప్‌లు కుప్పలు, చాలావాటిలో ప్రకటనలు. స్కానర్ యాప్‌ల చరిత్ర గుర్తుందిగా. 2019 ఆగస్టులో కాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు క్యామ్‌స్కానర్ ఆండ్రాయిడ్ యాప్‌లో, ప్రకటనల కోసం చేర్చిన ఒక బయటి భాగంలో హానికరమైన కోడ్ పట్టుకున్నారు. గూగుల్ దాన్ని తీసేసింది, సరిచేశాక మళ్లీ వచ్చింది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలోనూ అది ఉంది. కోట్ల మంది వాడుతున్నారు కదా అని ధైర్యపడటానికి లేదని చెప్పడానికే ఇదంతా. ఏదైనా యాప్ పెట్టేముందు ప్లే స్టోర్ పేజీలో "అబౌట్ దిస్ యాప్" తెరిచి, కింద పర్మిషన్ల జాబితా చూడండి. "ఫుల్ నెట్‌వర్క్ యాక్సెస్" ఉంటే అది నెట్‌కి వెళ్లగలదు. పీడీఎఫ్‌లు కలపడానికి నెట్‌తో పనేమిటి? ఆ పర్మిషన్ లేని యాప్ దొరికితే అదే పెట్టుకోండి. ఎఫ్-డ్రాయిడ్ అనే వేరే యాప్ స్టోర్లో ఓపెన్ సోర్స్ యాప్‌లు ఉంటాయి, అక్కడ పర్మిషన్లు స్పష్టంగా రాసి ఉంటాయి. ఫోనులో విమానం మోడ్ పెట్టి కలిపితే సరిపోదా అంటే, సగమే సరిపోతుంది. మోడ్ తీసేశాక యాప్ ఏం చేస్తుందో మీరు కాపలా కాయలేరు.

ఇంట్లో కంప్యూటర్ ఉంటే మాత్రం ఫోనులో తంటాలు మానేసి, కేబుల్‌తో ఫైళ్లు అందులో వేసుకుని అరేంజర్‌లో కలుపుకోండి.

మా లాంటి షాపుకి వస్తే

కంప్యూటర్ లేనివాళ్లు మా దగ్గరికే రావాలి, అందులో తప్పేం లేదు. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఇంటర్నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దని, దించుకుంటే కాపీలన్నీ ఆ కంప్యూటర్లోంచి శాశ్వతంగా తుడిచెయ్యాలని అందులో ఉంది. జనం తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందని రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. వెనక్కి తీసుకుంటే తీసుకున్నారు గానీ, కాపీలు తుడిచెయ్యమన్న ముక్క మాత్రం షాపు నడుపుతున్న నేనే ఒప్పుకుంటాను.

షాపులో ముందు ఏ టూల్‌తో కలుపుతున్నారో అడగండి. సైటు తెరుస్తుంటే, "ఆఫ్‌లైన్‌ది లేదా" అనండి. పోర్టబుల్ పీడీఎఫ్‌శామ్ మీ పెన్‌డ్రైవ్‌లోనే పెట్టుకొస్తే మా అనుమతితో అదే నడపొచ్చు, నేనైతే కాదనను. ఫైళ్లు షాపు జీమెయిల్‌కి పంపకండి. ఇది టూల్ కంటే పెద్ద బొక్క, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మీరు పంపిన ఆధార్, దస్తావేజు ఆ ఇన్‌బాక్సులో ఏళ్ల తరబడి పడి ఉంటాయి, షాపులో కుర్రాళ్లు మారుతుంటారు, పాస్‌వర్డు మాత్రం మారదు. షాపు వాట్సాప్ నంబరుకి పంపినా అంతే. పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, లేదా కేబుల్ అడగండి. మీ వాట్సాప్‌నే మా కంప్యూటర్లో తెరవాల్సొస్తే, పనయ్యాక ఫోనులో "లింక్డ్ డివైసెస్"కి వెళ్లి మీరే లాగౌట్ చెయ్యండి, స్క్రీన్ మీద మేం మూసేసింది చూసి సరిపెట్టుకోవద్దు.

లేచే ముందు తుడవాల్సిన చోట్లు ఇవి. డౌన్‌లోడ్స్ ఫోల్డరు, డెస్క్‌టాప్, స్కానరు తనంతట తాను ఫైళ్లు పడేసే ఫోల్డరు (ఇది చాలామందికి తెలియదు, ఎక్కడుందో షాపువాళ్లనే అడగండి), చివరికి రీసైకిల్ బిన్. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే బిన్‌లోకి పోకుండానే పోతుంది. రద్దీగా ఉన్నప్పుడు ఇదంతా అడిగితే మేం విసుక్కుంటాం, అయినా అడగండి.